విమానశాలలో ఒక దినము

మా ఓరుగల్లునకు చేరువనున్న మామునూరులో నిజాము కాలమునాటి విమానాశ్రయము కలదు. 1981 వరకు అచ్చట విమానములు దిగెడివని పెద్దలు చెప్పగా వినుటయేగాని, విమానమును దగ్గరనుండి చూచు భాగ్యము నాకు మొన్నటి సెలవులలో విశాఖపట్టణమున లభించినది. సముద్రతీరమున టీయూ-142 అను నౌకాదళ విమానమును 2017లో ప్రదర్శనశాలగా నిలిపిరి. అంతకుముందు అది 29 సంవత్సరములు సముద్రముపై కావలి కాచినది. దాని పొడవు సుమారు 53 మీటర్లు.

దాని రెక్కక్రింద నిలిచి మావారు అమ్మాయికి రైటు సోదరుల కథ చెప్పిరి. 1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిట్టీహాకు చెంత ఆర్విల్ తొలిసారి యెగిరినది 12 సెకనులు. పోయిన దూరము 120 అడుగులు, అనగా 37 మీటర్లయినను లేదు. "ఈ విమానము తోకనుండి ముక్కువరకైనను రాదే!" అని అమ్మాయి అచ్చెరువొందినది.

కావ్యములలోని పుష్పకము తలచినంతనే కదలును. ఈ విమానములకు తలపు చాలదు. లెక్కయు, ఓర్పును, కుట్టుపనియు వలయును. నవ్వకుడు! 1900లో ఆ సోదరులు ఇంజనులేని తమ విమానపు రెక్కల సాటీను గుడ్డను, అచ్చటి టేటు అను గృహిణి కుట్టుయంత్రముపైననే సరిచేసికొనిరి. వారు దానిని విడిచిపోగా, ఆమె యా గుడ్డతో తన యిద్దరు కూతుండ్రకు గౌనులు కుట్టినది. గుడ్డ వృథాపోనీయని యిల్లాలు ఏ దేశమున లేదు?

వారి చెల్లెలు కేథరిన్ బడిలో లాటిను చెప్పుచు ఇల్లు చక్కబెట్టినది. 1908లో విమానము కూలి ఆర్విల్ గాయపడగా, బడి విడిచి పోయి సేవచేసినది. ఎగిరినవారి పేరు లోకమెరుగును. ఆమె పేరు ఎందరెరుగుదురు?

ఇంటికి రాగానే అమ్మాయి, "అమ్మా, నేను విమానములు చేయు చదువు చదివెదను" అన్నది. అత్తగారు "ఆడపిల్లకు ఆకాశమేల?" అనిరి. నేను మారు పలుకలేదు. మా తండ్రిగారు నన్ను బడికి పంపక ఇంటనే కావ్యములు చెప్పించిరి. అందులకు కృతజ్ఞురాలనే, కాని నేటికిని అమ్మాయి లెక్కల పుస్తకము తెరచి, తెలియక మూసివేయుదును. ఆ కొరత దానికి రాగూడదు.

మరునాడు పూజ ముగిసిన పిమ్మట అత్తగారి చెంత కూర్చుండి ఆ గౌనుల కథ చెప్పితిని. ఆమె నవ్వి, ఆ గుడ్డ యెన్నాళ్లు మన్నినదని యడిగిరి. కొంతసేపటికి, "పిల్లను చదువనిమ్ము" అనిరి.