జీపుబండి షాఫ్టును, ట్రాన్స్‌ఫరు కేసును విప్పు విధానము

నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డకు సమీపమున, నల్లమల కొండల చెంత నున్న మన రుద్రవరపు సీమయందు జీపుబండి నెరుగని బాలుడు లేడు. వానకాలమున నల్లరేగడి నేల బురదయై యెడ్లబండి చక్రములనే పట్టివేయును. అహోబిలమునకు వచ్చు యాత్రికులలో పావన నరసింహస్వామి సన్నిధికి నడువలేనివారు రాళ్ళును గుంటలును నిండిన యడవిబాటను జీపులలో పోవుచుందురు. సామాన్యమైన కారు పోజాలని యా బాటను జీపు పోవుటకు కారణ మేమి? జీపునకు నాలుగు చక్రములును నడుపు చక్రములే. ఆ నాలుగింటికి శక్తిని పంచిపెట్టు భాగము లెవ్వియో, మరమ్మతుకై వానిని విప్పునపుడు పాటింపవలసిన క్రమ మెట్టిదో, మేము కన్నులార చూచి నేర్చినంతవరకు ఇచ్చట వివరింపదలచితిమి.

జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున పుట్టినది. అమెరికా సైన్యము కోరగా 1940 వ సంవత్సరమున బాంటము కంపెనీవారు మొదటి నమూనాను తయారుచేసిరి. పిమ్మట 1941 మొదలు 1945 వరకు విల్లీసు, ఫోర్డు కంపెనీలవారు ఆరు లక్షలకు పైగా బండ్లను నిర్మించిరి. మన దేశమున మహీంద్రావారు 1947 లో బొంబాయియందు విల్లీసు జీపులను కూర్చుట కారంభించిరి.

ఇంజను శక్తి మొదట క్లచ్చిని, తరువాత గేరుబాక్సును చేరును. వెనుక చక్రములచే నడచు బండిలో అచ్చటినుండి పొడవైన షాఫ్టు వెనుక హౌసింగునకు మాత్రమే పోవును. జీపులో నన్ననో గేరుబాక్సు వెనుక మరియొక యినుపపెట్టె బిగింపబడియుండును. ఇదియే ట్రాన్స్‌ఫరు కేసు. ఇందుండి ఒక షాఫ్టు వెనుకకును, ఒక షాఫ్టు ముందునకును పోవును. యుద్ధకాలపు జీపులో దీనికి రెండు మీట లుండెను. ఒకటి ముందు చక్రములను కలుపుటకును విడదీయుటకును. రెండవది వేగమును సుమారు సగమునకు తగ్గించి బలమును పెంచుటకు. గట్టిరోడ్డుపై ముందు చక్రములను కలిపి నడుపరాదు. మలుపులలో ముందు చక్రములు ఎక్కువ దూరము తిరుగును. ఆ భేదమును సర్దు ఏర్పాటు ఈ పెట్టెలో లేదు. కనుక షాఫ్టులు మెలిపడి, టైర్లు త్వరగా అరిగిపోవును. బురదలో చక్రము కొంచెము జారుటచేత ఆ బాధ లేదు.

బండి యెగిరిపడునపుడు హౌసింగు క్రిందికిని మీదికిని ఆడును. పెట్టె మాత్రము కదలదు. అందువలన షాఫ్టునకు ఇరుకొసల వంగుకీళ్ళు, నడుమ జారుకీలు అమర్చిరి. వంగుకీలునే మేస్త్రీలు క్రాసు అందురు. వంగియున్న కీలు సమవేగముతో తిరుగదు; ప్రతి చుట్టులోను కొంతసేపు త్వరగాను, కొంతసేపు మెల్లగాను తిరుగును. రెండవ కీలు మొదటిదానికి సరిగా ఎదురుబొదురుగా నున్నచో ఒకదాని దోషమును మరియొకటి తీర్చును. కావున విప్పుటకు ముందే షాఫ్టు రెండు భాగములమీదను గుర్తులు పెట్టవలెను. గుర్తులు తప్పి బిగించినచో బండి దడదడ వణకును.

ఇక విప్పు క్రమము. మే మొకనాడు ఒక మరమ్మతు కొట్టమునకు పోయి, పాత జీపు షాఫ్టును విప్పుట చూచితిమి. మేస్త్రీ మొదట నాలుగు చక్రముల వెనుకను రాళ్ళు పెట్టించి, “నాయనలారా, ముందు రాళ్ళు, తరువాతనే పానా” అనెను. నేల వెనుకకు కొద్దిగా వాలియుండెను. చేతిబ్రేకు గట్టిగా లాగియే యున్నది గదా యని మాలో నొకడు వెనుక చక్రము వద్ద రాతిని తీసికొని, దానిమీద కూర్చుండెను. మేస్త్రీ క్రింద పండుకొని, హౌసింగు కొసన నున్న బిగింపులను విప్పి, షాఫ్టును వేరుచేసెను. తత్‌క్షణమే బండి జానెడు వెనుకకు దొర్లి, మిగిలిన రాళ్ళకు తగిలి నిలిచెను. ఆ రాళ్ళు లేకున్న నేమగునో తలచుకొని మే మందరము నిర్ఘాంతపోతిమి.

దీనికి కారణమును మేస్త్రీయే చెప్పెను. అనేకమైన పాత జీపులలో చేతిబ్రేకు చక్రములకు లేదు. ట్రాన్స్‌ఫరు కేసు వెనుక, షాఫ్టు మొదట నున్న డ్రమ్మునకు ఉండును. అది షాఫ్టును పట్టుకొనును. షాఫ్టు చక్రములను పట్టుకొనును. షాఫ్టు ఊడినచో బ్రేకు దేనిని పట్టుకొనును? బండిని గేరులో నిలిపినను, ముందు చక్రములు కలిపియుండనిచో, ఫలితము అంతే. కావున చదునైన నేలను చూచుకొని, చక్రములకు ముందును వెనుకను రాళ్ళు పెట్టుట ఈ పనికి ప్రథమ నియమము.

బిగింపులు విప్పినపిదప క్రాసు చివరల నున్న గిన్నెలను దారముతో కట్టవలెను. లేనిచో వానిలోని సూదులవంటి ఉక్కుకడ్డీలు మట్టిలో రాలును. ముందు షాఫ్టును గూడ ఇట్లే విప్పి, గేరుబాక్సులోని నూనెను, పెట్టెలోని నూనెను పాత్రలోనికి దింపవలెను. వేగమాపకపు తీగను, చేతిబ్రేకు తీగను, మీటలను విడదీయవలెను. గేరుబాక్సు క్రింద చెక్కముక్క వేసి జాకీతో ఆపవలెను. విల్లీసు పద్ధతి జీపులలో పెట్టె వెనుక మూతను తీసి, లోపలి నట్టును విప్పి, పండ్లచక్రమును బయటికి లాగవలెను. పిమ్మట పెట్టెను గేరుబాక్సునకు పట్టియుంచిన బోల్టులను తీసి, పెట్టెను తిన్నగా వెనుకకు జరుపవలెను. అప్పుడు గేరుబాక్సు నడిమి షాఫ్టు దానితో కూడ వెనుకకు రాకుండ ఒకరు పట్టుకొనవలెను. వచ్చినచో లోపలి భాగములు చెదరును. పెట్టె బరువైనది; ఒంటరిగా దింప సాహసింపరాదు.

విద్యార్థులారా, ఆనాడు రాతిని తీసినవాడు అవివేకి కాడు. చేతిబ్రేకు అన్నియెడల చక్రములనే పట్టునని తలచెను, అంతే. మీరును ఏ యంత్రము నైనను విప్పబూనినపుడు, ఈ కట్టు దేనిని పట్టియున్నది, ఇది యూడినచో ఏది కదలును, దాని క్రింద ఎవరున్నారు అని ముందుగా విచారింపుడు. ఆ మూడు ప్రశ్నలకు ఉత్తరము దొరకిన పిదపనే పానాను చేత పట్టుడు.