గడప దాటని దినములు

2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి ప్రసంగము వినిపించినది. ఆ అర్ధరాత్రి నుండి దేశమంతటను 21 దినముల లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. గడువు మాటిమాటికి పెరిగి మే 31 వరకు సాగినది. మహమ్మారి తెచ్చిన మరణముల కథ వేరు. ఆ కాలమున మన యిండ్లలో చడిచప్పుడు లేక మారిపోయిన దినచర్యను గూర్చి మాత్రమే ఇచట ముచ్చటింతము.

రేడియో ఉద్యోగులము గనుక ఇంటిపట్టున ఉండు యోగము మాకు లేదు. అనుమతి పత్రము జేబులో నుంచుకొని, మాస్కు కట్టుకొని కేంద్రమునకు వెళ్లి వచ్చెడివారము. రాత్రి ప్రసారములు ముగించి వచ్చునప్పటికి మునుపు మా వీథి చీకటిగా ఉండెడిది. ఆ ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటినను కిటికీలన్నిట దీపములే! తెల్లవారి భక్తిరంజని వేళకు బయలుదేరినప్పుడు మాత్రము కళ్లాపి చల్లిన వాకిలి ఒక్కటియు కానరాదు.

దీనిని కేవలము బద్ధకమనుట న్యాయము కాదు. మెదడులో, కంటి నరములు రెండును కలియు చోటికి పైగా, మిక్కిలి చిన్నదైన నరకణముల గుంపు ఒకటి ఉన్నది. శరీరపు గడియారము అదియే. ఇంచుమించు 24 గంటలకొక చుట్టు తిరుగును గాని, అది దినదినము కొంచెము తప్పుచుండును. ఉదయపు వెలుతురు కంటబడి దానిని సరిదిద్దును. ఇంటి దీపముల వెలుగు సాధారణముగా కొన్ని వందల లక్సులకు మించదు. ఆరుబయట మబ్బు కమ్మిన పగటియందైనను అది వేలలో ఉండును. పాలకు, బస్సుకు, బడికి పరుగెత్తు మనిషికి ఈ వెలుతురు అడుగకయే లభించెడిది. తలుపులు మూయగా అది తగ్గినది; రాత్రివేళ సెల్‌ఫోను వెలుగు పెరిగినది. ఇక నిద్రవేళను తెలుపు మెలటోనిన్ సకాలమున ఊరుట ఎట్లు?

నడక మాటయు అంతే. మా తండ్రిగారు మధుమేహ రోగి. వ్యాయామమను మాట వారి నోట ఎన్నడును వినము. అయినను దినమును సంచి చేతబట్టి రైతుబజారుకు నడచి, వంకాయలు బేరమాడి, నడచియే వచ్చెడివారు. పని చేయు కండరము రక్తములోని చక్కెరను తనంతట తాను లాగుకొనును. ఇన్సులిన్ లోపించినవారికి ఇది చిన్న మేలు కాదు. బజారు మైదానమునకు తరలి, సున్నపు వలయములలో నిలువవలసి వచ్చినప్పుడు మేము వారిని కదలనీయలేదు. భయము అటువంటిది. మాత్రలు మారలేదు, అన్నము మారలేదు. రెండు నెలలకు చక్కెర పెరిగినది. కషాయములు మాత్రము పూటపూటకు కాచి ఇచ్చితిమి! కడకు మేడమీద సాయంకాలపు పచార్లు మొదలుపెట్టించితిమి.

ఇల్లు కదలకపోవుట అందరి కష్టమును కాదు. అదే ఎండలో వలస కూలీలు బిడ్డలను చంకనెత్తుకొని వందల కిలోమీటర్లు నడచినారు.

పిల్లల సంగతి మరియొకటి. చైనాలోని ఫైచెంగ్ నగరమున బడిపిల్లల కన్నులను ఏటేట పరీక్షించుచుండిరి. 2020లో, ఇండ్లలో గడపిన నెలల తరువాత, 6 మొదలు 8 ఏండ్ల వారిలో దూరపుచూపు మందగించినవారు మునుపటి ఏండ్లకంటె స్పష్టముగా ఎక్కువైరి. ఎదుగు కంటికి ఆరుబయటి వెలుతురు కావలెననుటకు అంతకు ముందే ఆధారములున్నవి.

మా గుమ్మము ప్రక్కన పెట్టిన సబ్బుబిళ్ల ఎప్పుడు మాయమైనదో మాకు గురుతు లేదు. అర్ధరాత్రి దీపములు మాత్రము మా వీథిలో కొన్ని మిగిలినవి. అందులో ఒకటి మా పిల్లల గదిది.