కర్మాగారము వచ్చినది, పని యెవరికి?

అనంతపురం సీమలో వేరుసెనగ వానను నమ్ముకొన్న పైరు. వాన తప్పిన యేడు కూలి తప్పును, బెంగుళూరు వలస తప్పదు. అట్టి సీమలో, పెనుకొండ చేరువనున్న ఎర్రమంచి వద్ద, 2019లో కియా కార్ల ఉత్పత్తి ఆరంభమైనది. ఆరంభమున ఏటికి 3 లక్షల కార్లు తయారు చేయగల సామర్థ్యముతో వెలసిన కర్మాగారమిది. అయినను అచ్చట వెల్డింగులో అధికభాగము యంత్రహస్తములదే. వానిని నడుపుట, మరమ్మతు, బిగింపు, తనిఖీ మనుష్యునివి. కనుక పదవ తరగతితో ఆగినవానికంటె ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను పని నేర్చినవానికే పిలుపు ముందు వచ్చును. విద్యుత్తు కార్లు పెరిగినకొలది ఇంజను భాగముల పని తగ్గి, బ్యాటరీ, వైరింగు పనులు హెచ్చును. క్యాంటీను, వాహనములు, అద్దె యిండ్లు కూడ జీవనాధారములే. వీనిని మనము చిన్నచూపు చూడరాదు.

తమ గ్రామమున ఈ యేడు పదవ తరగతి వ్రాయువారెవరో, అందు ఆడపిల్లలెందరో సభ్యులు ఇప్పుడే జాబితా వ్రాసికొనవలెనని మా మనవి. ఫలితములు వెలువడిన పిదప ఐ.టి.ఐ. దరఖాస్తుల గడువు ఎక్కువ దినము లుండదు.