స్ట్రాబెర్రీ - చాకొలెట్: ఒక క్యూబా చిత్రమందలి మైత్రి

చిన్నయసూరి నీతిచంద్రికలో లఘుపతనకమను కాకి చెలిమి కోరి వచ్చినపుడు హిరణ్యకమను ఎలుక వెంటనే సమ్మతింపదు. తినువానికిని తినబడువానికిని మైత్రి యెట్లు పొసగునని దాని శంక. 1993లో క్యూబా దేశమున నిర్మితమైన ‘స్ట్రాబెర్రీ, చాకొలెట్’ అను చలనచిత్రము ఇట్టి శంకతోనే ఆరంభమగుచున్నది. అయితే ఇచ్చట ఎవరు కాకియో, ఎవరు ఎలుకయో తేల్చుట కష్టము.

సెనెల్ పాజ్ 1990లో ప్రకటించిన కథ దీనికి మూలము. దర్శకులు తొమాస్ గుతియెరెజ్ అలెయా, హువాన్ కార్లోస్ తాబియో. కథాకాలము 1979, స్థలము హవానా నగరము. దావీద్ రైతుబిడ్డ. విప్లవము వలననే తనకు విశ్వవిద్యాలయ విద్య లభించెనను కృతజ్ఞత గల యువ కమ్యూనిస్టు. దియెగో కళాభిమాని, దైవభక్తుడు, పురుషులయందే అనురాగము గలవాడు. కొప్పేలియా అను ప్రసిద్ధమైన ఐస్‌క్రీము అంగడిలో, చాకొలెట్ దొరకుచుండగా దియెగో స్ట్రాబెర్రీ కోరుట చూచి, దావీద్ అతని స్వభావమును నిర్ణయించుకొనును. రుచిని బట్టి మనుష్యుని తూచుట! చిత్రమునకు పేరు వచ్చినది ఇందువలననే.

ఈ మైత్రికి పునాది కపటము, అదియు ఇరువైపుల. ఆ యువకుని వశపరచుకొందునని దియెగో తన మిత్రునితో పందెము వేయును. నాటకమున దావీద్ వేషము కట్టినప్పటి ఛాయాచిత్రములున్నవని ఆశచూపి ఇంటికి పిలిచి, కాఫీ ఒలికించి, చొక్కా విప్పించి, దానిని పందెపు గుర్తుగా మేడ వసారాలో ఆరవేయును. దావీద్ మరల వచ్చుటయు స్నేహము కొరకు కాదు. విప్లవద్రోహిని కనిపెట్టవలెనని తోటి విద్యార్థి మిగేల్ పురికొల్పగా గూఢచారియై వచ్చును.

ఇట్లు వచ్చిన వానిని కట్టివేసినవి ఉపదేశములు కావు. పుస్తకములు, సంగీతము, శిథిలమగుచున్న హవానా భవనముల సౌందర్యము. దావీద్ రచయిత కాగోరువాడు. మూలకథలో అతని వ్రాతప్రతిని చదివి దియెగో చూపిన దోషమొకటి తెలుగువారికి ముచ్చట గొలుపును. తన దేశపు రైతును తన నాటి పేరుతో పిలువక ‘ముజిక్’ అను రష్యను పదమేల వాడితివని అడిగి, మీర్, ప్రగతి ప్రచురణాలయముల పుస్తకములు మితిమీరి చదివిన ఫలమిదియని తేల్చును. మాస్కోలో ఆ సంస్థలే అచ్చువేసి పంపిన తెలుగు పుస్తకములను చౌకగా కొని చదివిన మనవారికిని ఈ చురక తగులక మానదు.

నా దృష్టిలో ఈ చిత్రము యొక్క ఘనత, ఎవరును ఎవరిని తమ మార్గమునకు త్రిప్పుకొనకపోవుట. దావీద్ కమ్యూనిస్టుగానే మిగులును. పొరుగింటి నాన్సీని ప్రేమించును. దియెగో దియెగోగానే యుండును. ఇంట తెలుగును బడిలో కన్నడమును పలుకు, పావగడ తాలూకా వల్లూరు వంటి సరిహద్దు గ్రామములవారికి ఇది వింతగా తోపదు.

వ్యక్తులకు సాధ్యమైనది రాజ్యమునకు సాధ్యము కాలేదు. శిల్పియగు మిత్రుని ప్రదర్శనకు అధికారులు అడ్డుపడగా నిరసన లేఖలు వ్రాసి, దియెగో ఉద్యోగము పోగొట్టుకొనెను. ప్రాణప్రదమైన హవానాను వీడవలసి వచ్చెను. ఇది ఉత్త కల్పన కాదు. 1965 నుండి 1968 వరకు ఇట్టివారిని, మతవిశ్వాసులను క్యూబా ప్రభుత్వము నిర్బంధ శ్రమశిబిరములకు పంపెను. స్వలింగానురాగుల యెడ జరిగిన అన్యాయమునకు బాధ్యత తనదేయని ఫిడేల్ కాస్ట్రో 2010లో ఒప్పుకొనెను. అయినను, మెక్సికో, స్పెయిన్ దేశముల సహకారముతో ఈ చిత్రమును నిర్మించినది క్యూబా ప్రభుత్వ చలనచిత్ర సంస్థయే. అలెయా విప్లవమును నమ్మినవాడు, నమ్మినవాడే నిలదీసెను. 1994లో బెర్లిను చిత్రోత్సవమున దీనికి రజత భల్లూక పురస్కారము లభించెను. ఆస్కారు పోటీలో తుది జాబితాకెక్కిన తొలి క్యూబా చిత్రమును ఇదియే.

2022లో క్యూబా ప్రజలు ఓటు ద్వారా స్వలింగ వివాహమును అంగీకరించిరి. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇష్టపూర్వకమైన అట్టి సంబంధము నేరము కాదనెను. 2023లో వివాహపు గుర్తింపును మాత్రము నిరాకరించెను.

చిత్రము కడపట మరల కొప్పేలియా. ఈసారి దావీద్ స్ట్రాబెర్రీ తీసికొని, దియెగో మాటలను అతని ధోరణిలోనే పలికి నవ్వించును. పిదప దియెగో నాటి పందెపు సంగతి దాచక చెప్పివేయును. దావీద్ అతనిని కౌగిలించుకొనును.