హెచ్ఐవీ మహిళలకు ముఖద్వార క్యాన్సర్ ముప్పు
• ఇతరులతో పోలిస్తే ఆరు రెట్లు అధికం
• పాతికేళ్ల నుంచే పరీక్షలు అవసరం

హెచ్ఐవీ సోకితే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే అన్న కాలం గతించింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ మందుల పంపిణీ ఆరంభమైన తర్వాత బాధితులు కూలినాలి చేసుకుంటూ బిడ్డలను పెంచి పెద్ద చేస్తున్నారు. అయితే ఆయువు పెరిగిన కొద్దీ క్యాన్సర్ రూపంలో మరో ముప్పు ఎదురవుతోంది. హెచ్ఐవీ ఉన్న మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. బాధితుల సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఇక్కడ వీరు మూడు లక్షలకు పైగానే ఉన్నారు.

ఎందుకిలా..?
ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే మరో వైరస్. లైంగిక సంపర్కం ద్వారా ఇది చాలామందికి సోకుతుంది. ఆరోగ్యవంతుల్లో రోగనిరోధక శక్తి రెండేళ్లలోపే దీనిని అణచివేస్తుంది. హెచ్ఐవీ సీడీ4 కణాలను దెబ్బతీయడంతో ఆ కాపలా సడలి, హెచ్‌పీవీ తిష్ఠ వేస్తుంది. సాధారణంగా క్యాన్సర్‌గా మారడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. చికిత్స అందక నిరోధక శక్తి క్షీణించిన వారిలో 5 నుంచి 10 ఏళ్లే చాలు. (ఈ రెండు వైరస్‌లపై పరిశోధనలకు 2008లో ఒకే నోబెల్ బహుమతిని పంచి ఇవ్వడం విశేషం.)

పరీక్ష సులువే.. చెప్పుకోవడమే కష్టం
పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి పూసి ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్న చోట తెల్లని మచ్చలు కనిపిస్తాయి. కోత, మత్తు అక్కర్లేదు. ఈ దశలోనే గుర్తిస్తే ఆ భాగాన్ని వేడితోనో, అతిశీతల పద్ధతిలోనో తొలగించి క్యాన్సర్‌ను రాకుండానే ఆపవచ్చు. హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష మరింత కచ్చితమైనది. హెచ్ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచి మూడు నుంచి అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

చిక్కంతా ఇక్కడే. జాతీయ కార్యక్రమం కింద గ్రామాల్లో జరిగే పరీక్షలు 30 ఏళ్లు నిండిన వారికి. ఆ లోపు వయసున్న మహిళ తనకు ముందే పరీక్ష కావాలంటే కారణం చెప్పాలి. ఊళ్లో ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో ఆ మాట చెప్పే ధైర్యం ఎందరికుంటుంది? భర్త పోయి, అత్తింట తలదాచుకుంటున్న ఆడకూతురికి ఆ గుట్టే రక్ష. అందుకే మందులకు వెళ్లే ఏఆర్‌టీ కేంద్రంలోనే అడగడం మేలు. అక్కడ ఆమె స్థితి కొత్తగా వెల్లడించాల్సిన పని లేదు. చాలా కేంద్రాలు పెద్దాసుపత్రుల ఆవరణలోనే ఉన్నందున ప్రసూతి విభాగానికి అక్కడి నుంచే పంపగలరు. అనుమతి లేకుండా హెచ్ఐవీ వివరాలు బయటపెట్టడం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం నిషిద్ధం.

సంపర్కం తర్వాత రక్తం కనిపించడం, ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తస్రావం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట ఉంటే తదుపరి పరీక్ష గడువు వరకు ఆగరాదు.

పురుషులకూ తప్పదు
లింఫ్ గ్రంథుల క్యాన్సర్, కపోసి సార్కోమా అనే కణితులు స్త్రీపురుషులిద్దరికీ రావచ్చు. చుట్ట, బీడీ, గుట్కా అలవాటుంటే ఊపిరితిత్తులు, నోటి క్యాన్సర్ల ముప్పు తోడవుతుంది.

ఒంట్లో బాగుందని మందులు మానడం అన్నిటికంటే ప్రమాదకరం. మధ్యమధ్య మందులు ఆపిన వారిలో మరణాలు, తీవ్ర జబ్బులు పెరిగాయని 2006లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. వెంటనే చికిత్స మొదలుపెడితే క్యాన్సర్లు సైతం తగ్గుతాయని 2015 నాటి మరో అధ్యయనంలో రుజువైంది. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.