అందరి ఎదుటా అడిగిన తనిఖీ

రాష్ట్రంలోని వక్ఫ్‌లన్నిటిపై పర్యవేక్షణ వక్ఫ్ బోర్డుదేనని 1995 నాటి చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఊళ్లలో బోర్డుకు కళ్లు ఇన్‌స్పెక్టర్ ఆడిటర్లే. పాపం, ఒక్కొక్కరికి ఎన్నో ఊళ్లు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఆ పని ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) చేసేవారు. కూఫా గవర్నర్ హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) నమాజు కూడా సరిగా చేయించడం లేదని ఫిర్యాదులొచ్చాయి. సాద్ స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబాల్లో ఒకరు. అయినా విచారణ ఆగలేదు. ఇబ్నె మస్లమా ఆయన్ను వెంటబెట్టుకుని కూఫాలో మసీదు మసీదుకూ తిరిగి అందరి ఎదుటా అడిగారు. ఊరంతా మెచ్చుకుంది. బనూ అబ్స్ మసీదులో మాత్రం ఒకాయన లేచి తప్పుపట్టాడు. ఆయన మాటా విన్నారు. సాద్ పదవి పోయింది గానీ, అది అసమర్థత వల్లనో ద్రోహం వల్లనో కాదని ఖలీఫా మరణశయ్యపై చెప్పారు.

మన దగ్గర తనిఖీ ముతవల్లీ ఇంట్లో టీ తాగుతూ ముగిసిపోతే ఏం తెలుస్తుంది? దుకాణం అద్దె ఎంత, చేను కౌలు ఎవరికి అన్నది వెనక సఫ్‌లోని ముసలాయనకు తెలిసినంత లెక్కల పుస్తకానికి తెలియదు. మా రాయచోటికి వచ్చే ఇన్‌స్పెక్టర్‌గారు శుక్రవారమే రావాలనీ, జుమా నమాజయ్యాక పది నిమిషాలు జమాత్‌ను అడగాలనీ మేం కోరుతున్నాం.