‘పయ్యెద’ పదము – పుట్టుక, పాఠాంతరములు

తెలుగున పుట్టి తమిళదేశమున నిలిచిన పాటలలో క్షేత్రయ్య పదములు ముఖ్యమైనవి. వానిలో ‘పయ్యెద’ అను మొదటి మాటతోనే గాయకలోకమున ప్రసిద్ధమైన నాదనామక్రియారాగ పదము విరహగీతములలో పేరెన్నికగన్నది. ఒకనాడు తన యెదపై ఒదిగి నిదురించిన స్వామి నేడు తనకు విముఖుడైనాడని నాయిక సఖితో చెప్పుకొని వగచుట యిందలి విషయము. కథ యింతమాత్రమే. అయినను ఈ చిన్న పాట ఏ నోటినుండి ఏ నోటికి సాగివచ్చినదో విచారించినచో, రాష్ట్రేతరాంధ్రులు ఆలోచింపదగిన విషయమొకటి తేటపడును. దీని రాగమును కాపాడినవారొకరు. అక్షరమును కాపాడినవారు మరియొకరు.

క్షేత్రయ్య పదునేడవ శతాబ్దివాడు. కృష్ణామండలమున కూచిపూడికి చేరువనున్న మొవ్వ ఆయన స్వగ్రామమనియు, వరదయ్య అసలు పేరనియు పెద్దలు చెప్పుదురు. ఆ యూరి వేణుగోపాలుడే పదములందలి మువ్వగోపాలుడు. దేవగాంధారి రాగములోని యొక పదమున కవి తన పదముల లెక్కను తానే చెప్పుకొనెను. మధుర తిరుమలనాయకుని కొలువున 2000, గోలకొండ పాదుషా కొలువున 1500, తంజావూరు విజయరాఘవనాయకుని పేర 1000 పదములు చెప్పినట్లు దానివలన తెలియుచున్నది. వెరసి 4500. నేడు దొరకుచున్నవి నాలుగువందలకు లోపే.

ఈ మూడు కొలువులలో రెండు తమిళదేశమున నుండుట గమనింపదగినది. తిరుమలనాయకుడు 1623 మొదలు 1659 వరకును, విజయరాఘవుడు 1634 మొదలు 1673 వరకును పాలించిరి. వారి యాస్థానభాష తెలుగు. 1673లో తంజావూరు నాయకరాజ్యము అంతరించినది. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగును సంగీతసాహిత్యముల భాషగా ఆదరించిరి. రాజ్యములు మారినను పదము ఆ గడ్డను వీడలేదు. దేవాలయములను, రాజనగరులను ఆశ్రయించిన నర్తకీగాయనుల కుటుంబములలో తల్లినుండి కూతునకు అది ఆస్తివలె సంక్రమించినది. వారిలో పెక్కురకు ఇంటిభాష తమిళము.

‘పయ్యెద’ పదము నేటికిని వినువారి మనస్సును పట్టుటకు రాగమొక ముఖ్యకారణము. నాదనామక్రియ మాయామాళవగౌళలో జన్యము. అది సాధారణముగా తారషడ్జమునకు పోదు. మంద్రనిషాదమునకును మధ్యస్థాయి నిషాదమునకును నడుమనే మెలగును. గొంతెత్తి యేడ్చుటకు ఈ రాగమున చోటు లేదు. లోలోన కుములుటకే చోటు కలదు. ఏడక్షరముల తాళము చౌకకాలమున నడచుచుండగా ఒక్కొక్క మాట నడుమ మౌనము నిలుచును. నాయిక స్వామిని నిందింపదు, శపింపదు. జరిగిన సుఖమును తలచుకొనును. ఆ తలపే దుఃఖమగును.

ఈ పదమును పాడు పద్ధతులలో మిక్కిలి ఆదరము పొందినది మదరాసులోని వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి పాఠము. ఆమె బాలదాసు నాయుడను విద్వాంసునియొద్ద క్షేత్రయ్య పదములను అభ్యసించెను. శుక్రవారపు సాయంకాలములందు ఆమె యింట జరిగిన వీణాగానమును వినుటకు విద్వాంసులే వచ్చి కూర్చుండెడివారు. ఆ పాఠము మనుమరాండ్రయిన బృంద (1912–1996), ముక్త (1914–2007) సోదరీమణులకు దక్కినది. వారి గానమున గమకము మాటను కప్పివేయదు. ప్రతి సంగతియు వెనుకటి సంగతికన్న భావమును కొంచెము లోతునకు దింపును. బృందమ్మ శిష్యులు ఆ బాణీని తరువాతి తరము సభలకు కొనివచ్చిరి.

ఆ యింటి మరియొక మనుమరాలు బాలసరస్వతి (1918–1984) పదమును నాట్యమున నిలిపినది. తల్లి జయమ్మాళ్ పాడుచుండగా ఆమె అభినయించెడిది. తానును పాడుచు అభినయించుట ఆమె ప్రత్యేకత. కచేరిపాఠమునకును నాట్యపాఠమునకును ఇచ్చట భేదము కలదు. కచేరిలో సంగతులు క్రమముగా పెరిగి ముగియును. నాట్యమున ఒక్క పంక్తిని పలుమారులు పాడుదురు. పాడిన ప్రతిసారియు నర్తకి దానికొక క్రొత్త తాత్పర్యమును చూపును. పదమును అనుపల్లవితో ఎత్తుకొని పిదప పల్లవికి వచ్చు ఆచారమును కలదు. అట్లు చేసినచో నాయిక మొర ముగింపుమాటగా వచ్చి మిక్కిలి నాటుకొనును.

ఆంధ్రదేశమున పదము వేరు దారిని నడచినది. గోదావరీతీరపు కలావంతుల కుటుంబములు పదాభినయమున ఆరితేరినవి. కాని వృత్తిపై నింద పెరిగి, 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధచట్టము వచ్చిన పిమ్మట, ఆ యిండ్లలో పాట నేర్పు తల్లులును నేర్చు కూతుండ్రును తగ్గిరి. చట్టము వలన కొందరు స్త్రీలకు విముక్తి కలిగిన మాట నిజమే. దానితోపాటు ఒక విద్య అనాథయైన మాటయు నిజమే. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున విస్సా అప్పారావు, గిడుగు వేంకట సీతాపతి మొదలగు పండితులు పదములను పరిష్కరించి ప్రకటించుటచే సాహిత్యము దక్కినది. నటరాజ రామకృష్ణ (1923–2011) కలావంతుల నాట్యమును వెదకి వెలికి దెచ్చిరి. 1976లో ‘మహాకవి క్షేత్రయ్య’ చలనచిత్రముగా వచ్చి కవి పేరు జనసామాన్యమునకు చేరినది. అయినను తెలుగువారిలో పెక్కుమందికి క్షేత్రయ్య పేరు తెలిసినంతగా ఆయన పాట తెలియదు.

తమిళదేశమున పాట నిలిచినది గాని అక్షరమునకు చిక్కు వచ్చినది. తమిళలిపిలో త, థ, ద, ధలకు ఒకే అక్షరము. క, ఖ, గ, ఘలకును అంతే. ‘పదము’, ‘పతము’ ఒకే తీరున వ్రాయబడును. ‘గోపాల’ యందలి మొదటి యక్షరమునకును ‘కోప’ మందలి మొదటి యక్షరమునకును భేదము కానరాదు. కొన్ని సంగీతగ్రంథములు అక్షరములకు అంకెలు చేర్చి ఈ లోపమును తీర్చినవి. భాష యెరుగని గాయకునకు అంకె ఉచ్చారణను చెప్పగలదు గాని అర్థమును చెప్పజాలదు. తాళమునకై మాటను ఎచ్చట విరువవచ్చునో, ఎచ్చట విరువరాదో అర్థము తెలిసినవారికే తోచును.

ఈ పదపు మొదటి మాటయే ఇందులకు తార్కాణము. పై, ఎద అను రెండు మాటలు కూడి ‘పయ్యెద’ యైనది; ఎదపై వేసికొను చీరచెరగు. ‘పైట’, ‘పమిట’ అని వాడుకలో విందుము. సభలలో ఇది ‘పయ్యద’ యని వినబడును. ఆ రూపమును నిఘంటువులు ఒప్పుకొన్నను, ‘ఎద’ చెవికి తగులునట్లు పలికినప్పుడు నాయిక కోల్పోయినదేమో మాటలోనే తెలియును. చీరచెరగునకు ‘ముందానై’ యని తమిళపదమునే వాడుటకు అలవాటుపడిన తెలుగింటి బాలిక ఈ పాట విన్నప్పుడు రాగమునకు చలించును గాని మాటకు చలింపదు. ఆ మాట ఆమె అవ్వకు తెలిసినదే. నడుమ ఒక్క తరములో జారిపోయినది.

కావున తమిళనాటి తెలుగువారికి ఈ విషయమున ఒక సౌకర్యమును, ఒక బాధ్యతయు కలవు. పాటను కాపాడిన గడ్డమీదనే వారు నివసించుచున్నారు. మాటను విడదీసి అర్థము చెప్పగల వృద్ధులు కొందరు వారి యిండ్లలోనే యింకను ఉన్నారు. తెలుగుబడిలో పదమును తెలుగులిపిలో వ్రాయించి, మాటలకు అర్థము చెప్పి, ఆపైన బృంద, ముక్తల గానమును వినిపించినచో రాగమును అక్షరమును ఒకచోట చేరును. దీనికి ధనము అక్కరలేదు; వారమునకొక గంట చాలును. మదరాసులోని ఒక్క కుటుంబము, తన యింటిభాష కాని భాషలోని పాటను తరతరములుగా ప్రాణసమముగా చూచుకొన్నది. ఆ భాషయే తమదైనవారు అందలి మాటలనైన చూచుకొనుట న్యాయము.